దశావతారాలన్నీ ఫోకస్‌లో పడేదాకా: ఒక అపర్చర్ డైరీ

కార్తీకం చివర

తెనాలిలో పెద్దమ్మ ప్రతి సంక్రాంతికీ బొమ్మల కొలువు పెడుతుంది. ఈసారి ఫొటోల బాధ్యత నాది. ఫోన్‌తో కాదు, కెమెరాతో, అదీ ఆటో మోడ్ జోలికి పోకుండా. అపర్చర్ అంటే లెన్స్‌లోంచి వెలుతురు లోపలికొచ్చే రంధ్రం. దాని గురించి చదివింది చాలానే ఉంది కానీ చేతికి వచ్చింది తక్కువ. పండగ లోపు అది చేతికి రావాలి.

నాకు కావలసినవి మూడు ఫొటోలు. మొదటిది, ఒక్క బొమ్మ మాత్రం పదునుగా ఉండి వెనక కొలువంతా రంగుల మసకగా కరిగిపోయేది. రెండోది, ఐదు మెట్లూ, కింద ఎడ్లబండి నుంచి పైన కలశం దాకా, ఒక్కటీ మసకబారకుండా వచ్చేది. దీన్ని 20 అంగుళాలకి 30 అంగుళాల ఫ్రేము కట్టించి హాల్లో తగిలించాలని పెద్దమ్మ ఆర్డరు. మూడోది కనుమ నాటి రథం ముగ్గు. వాకిట్లో రథం, దాని పగ్గం పక్కింటి ముగ్గుని కలుపుతూ వీధి పొడవునా పోతుంది కదా, ఆ పగ్గం మొదలు నుంచి చివరిదాకా కనిపించాలి.

సామాను: సెకండ్ హ్యాండ్‌లో కొన్న కెనన్ ఏపీఎస్-సీ (మధ్యరకం సైజు సెన్సర్) డీఎస్ఎల్ఆర్, 24 మెగాపిక్సెళ్లది. దాంతోపాటు వచ్చిన 18-55 కిట్ లెన్స్, విడిగా కొన్న 50 మి.మీ. ఎఫ్/1.8 ఎస్‌టీఎం, ట్రైపాడ్. వీటన్నిటికంటే ఎక్కువ పనికొచ్చిన పరికరం దర్జీ టేపు.

రంధ్రం లెక్క

ఎఫ్ పక్కన గీత పెట్టి అంకె వేస్తారంటే అది భాగహారమే. ఎఫ్ అంటే ఫోకల్ లెంగ్త్, లెన్స్ మీద మి.మీ.లలో రాసి ఉండే అంకె. 50 మి.మీ. లెన్స్‌ని ఎఫ్/1.8లో పెడితే రంధ్రం వ్యాసం 50ని 1.8తో భాగిస్తే వచ్చేది, అంటే దాదాపు 28 మి.మీ. ఎఫ్/8కి 6 మి.మీ. చిల్లర, ఎఫ్/16కి 3 మి.మీ. అంకె పెరిగితే రంధ్రం చిన్నదవడం వింతగా అనిపించేది ఇందుకే. 1.4, 2, 2.8, 4, 5.6, 8, 11, 16, 22 అనే వరసలో ఒక్కో మెట్టుకి వెలుతురు సగమవుతుంది. వైశాల్యం సగం కావాలంటే వ్యాసాన్ని రెండు వర్గమూలంతో భాగిస్తే చాలు, ఆ వంకర అంకెలు అక్కడి నుంచి వచ్చినవే. ఎఫ్/1.8 నుంచి ఎఫ్/8కి వెళ్తే సెన్సర్ మీద పడే వెలుతురు సుమారు ఇరవయ్యో వంతు అవుతుంది. అంటే 1/200 సెకనులో అయిపోయే ఫొటోకి 1/10 సెకను కావాలి.

కెమెరా ముందు పక్క డెప్త్ ఆఫ్ ఫీల్డ్ (ఎంత లోతు పదునుగా వస్తుందన్నది) ప్రివ్యూ బటన్ ఉంది. మామూలుగా ఏ అంకె పెట్టినా ఫొటో తీసే క్షణం దాకా రంధ్రం పూర్తిగా తెరుచుకునే ఉంటుంది, కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్‌లో కనిపించేది ఆ తెరిచిన దృశ్యమే. బటన్ నొక్కితేనే రంధ్రం చుట్టూ ఉండే బ్లేడ్లు మూసుకుంటాయి. కెమెరాని నా వైపు తిప్పుకుని లెన్స్‌లోకి చూస్తూ నొక్కాను, పెద్ద గుండ్రం కాస్తా శెనగగింజంత అయింది.

రంధ్రం చిన్నదైతే ఎక్కువ లోతు స్పష్టంగా ఎందుకొస్తుందన్నది పెద్దమ్మ సూదిలో దారం ఎక్కించేటప్పుడు కళ్లు చికిలించడం లాంటిదే. పక్కల నుంచి వాలుగా వచ్చే కిరణాలని ఆపేస్తే, ఫోకస్ తప్పిన బిందువు కూడా పెద్ద మచ్చగా పరుచుకోకుండా చిన్న చుక్కగా పడుతుంది.

1932లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో ఆన్సెల్ ఆడమ్స్, ఎడ్వర్డ్ వెస్టన్, ఇమోజెన్ కనింగ్‌హామ్ వంటి ఫొటోగ్రాఫర్లు కలిసి పెట్టుకున్న బృందం పేరే గ్రూప్ ఎఫ్/64. ముందు రాయి నుంచి వెనక కొండ దాకా అంతా పదునుగా ఉండాలన్నది వాళ్ల పంతం. ఎఫ్/64 అనగానే నా లెన్స్‌లో లేనిదేదో వాళ్ల దగ్గర ఉందనుకునేదాన్ని. కానీ వాళ్లు వాడినవి పెద్ద ఫిల్ము కెమెరాలు. 300 మి.మీ. లెన్స్‌కి ఎఫ్/64 అంటే రంధ్రం 4.7 మి.మీ. నా 50 మి.మీ.కి ఎఫ్/11 అంటే 4.5 మి.మీ. రంధ్రాలు రెండూ ఇంచుమించు ఒక్కటే!

మార్గశిరం: పది బొమ్మల వరస

విజయవాడ నుంచి కొండపల్లి ఎంతో దూరం కాదు. బొమ్మల కాలనీలో దశావతారాల సెట్టు కొన్నాను. తెల్ల పొణికి కర్రతో చేసి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, రంగు వేసినవి. మా సెట్టులో ఎనిమిదోది బలరాముడు, తొమ్మిదోది కృష్ణుడు. బుద్ధుడు ఉండే సెట్లూ ఉంటాయి. నాకు మాత్రం ఇది పది గీతలున్న స్కేలు.

డైనింగ్ టేబుల్ మీద పదింటినీ ఏటవాలు వరసలో నిలబెట్టాను, ఒకటి వెనకదాన్ని కప్పకుండా, ఒక్కొక్కటి ముందుదాని కంటే 5 సెం.మీ. వెనక్కి. ముందు మత్స్యం, చివర కల్కి, మధ్య దూరం 45 సెం.మీ. 50 మి.మీ. లెన్స్, ట్రైపాడ్, ఐదో బొమ్మ వామనుడు కెమెరాకి సరిగ్గా మీటరు దూరంలో. ఫోకస్ వామనుడి ముఖం మీద. లైవ్ వ్యూలో, అంటే కెమెరా వెనక తెర మీద, పది రెట్లు పెద్దది చేసి చేత్తో తిప్పి ఫోకస్ చేశాను. రెండు సెకన్ల టైమర్ పెట్టి వేలు తగలకుండా తీశాను.

ఎఫ్/1.8లో వామనుడొక్కడే. లెక్క ప్రకారం అక్కడ పదును ఉండే మందం 2.6 సెం.మీ. బొమ్మ గొడుగు కొంచెం ముందుకి చాచి ఉంది, అది కూడా మసకే. ఎఫ్/5.6లో మందం 8 సెం.మీ. అయింది. అయినా నారసింహుడూ పరశురాముడూ ఇంకా లోపలికి రాలేదు. ఎఫ్/8లో వాళ్లిద్దరూ వచ్చారు. ఎఫ్/16లో వరాహం నుంచి రాముడి దాకా. ఎఫ్/22లో బలరాముడు కూడా కలిశాడు. లెన్స్‌లో ఇక అంకెలు అయిపోయాయి. మత్స్యం, కూర్మం ఇటు, కృష్ణుడు, కల్కి అటు, నలుగురూ బయటే.

పైగా ఎఫ్/22 ఫొటోని వంద శాతానికి పెంచి చూస్తే వామనుడు కూడా ఎఫ్/8లో ఉన్నంత గట్టిగా లేడు. ఇది డిఫ్రాక్షన్. రంధ్రం మరీ ఇరుకైతే కాంతి అంచుల దగ్గర వంగి వ్యాపిస్తుంది. ఎఫ్/22లో ఒక బిందువు సెన్సర్ మీద సుమారు 0.03 మి.మీ. చుక్కగా పడుతుంది. నా సెన్సర్‌లో అది దాదాపు 8 పిక్సెళ్ల వెడల్పు. ఎంత మంచి లెన్స్ అయినా దీన్ని తప్పించుకోలేదు.

తర్వాత ట్రైపాడ్‌ని వెనక్కి జరిపాను. వామనుడు రెండు మీటర్ల దూరంలో ఉండేలా పెట్టి, ఎఫ్/8లో తీశాను. మత్స్యం నుంచి కల్కి దాకా పదీ పదునే! టేపు, లెక్క రెండూ ఒక్క మాటే చెప్పాయి. ఆ దూరంలో ఎఫ్/8కి పదును 1.79 మీటర్ల నుంచి 2.27 దాకా ఉంటుంది. నా బొమ్మలు 1.80 నుంచి 2.25 దాకా ఉన్నాయి.

మీటరు దగ్గర ఎఫ్/22కి లొంగని వరస రెండు మీటర్ల దగ్గర ఎఫ్/8కే లొంగింది. దూరం రెట్టింపైతే పదును మందం నాలుగింతలవుతుంది. అంకె రెట్టింపు చేస్తే మందం రెట్టింపే. అందరూ అపర్చర్ డయల్ గురించి అంతసేపు మాట్లాడతారు గానీ, ముందు తేల్చుకోవలసింది ఎక్కడ నిలబడాలన్నదే అని నాకు ఇప్పుడు గట్టిగా అనిపిస్తోంది.

ఇందులో ఒక మెలిక ఉంది. రెండు మీటర్ల నుంచి తీస్తే బొమ్మలు ఫ్రేములో సగం సైజుకి తగ్గాయి. కత్తిరించి పెద్దవి చేస్తే మసక కూడా పెద్దదవుతుంది. 48 సెం.మీ. మందం 24కి పడిపోతుంది, 24 మెగాపిక్సెళ్లు 6 అవుతాయి. అయినా మీటరు దూరంలో ఎఫ్/8 ఇచ్చే 11.6 సెం.మీ. కంటే రెట్టింపు. లాభం ఉంది, అయితే ఊరికే వచ్చేది కాదు.

ఇంకో సంగతి. ఫోకస్ చేసిన చోటుకి ముందు మూడో వంతు, వెనక రెండు వంతులు పదునుగా ఉంటాయని ఒక సూత్రం తిరుగుతూ ఉంటుంది. మీటరు దూరంలో, ఎఫ్/8లో నాకు ముందు 5.5, వెనక 6.1 సెం.మీ. వచ్చింది, ఇంచుమించు సగం సగం. ఈ లెన్స్‌కి ఆ ఒకటికి రెండు పాళ్లు ఎఫ్/8లో అయిదున్నర మీటర్ల దగ్గర వస్తాయి. టేబుల్ మీద పనికి ఆ సూత్రాన్ని పక్కన పెట్టేయడం మేలు.

ధనుర్మాసం మొదలు: ఒక్క బొమ్మ

మొదటి ఫొటోకి రిహార్సల్. అంబారీ ఏనుగుని వద్దనుకుని నాట్యం చేసే అమ్మాయి బొమ్మని ఎంచుకున్నాను. వెనక కొలువు బదులు పుస్తకాల అర, దానికి చుట్టిన సీరియల్ లైట్లు. 60 సెం.మీ. దూరం నుంచి నిలువుగా పెడితే బొమ్మ ఫ్రేము నిండుతుంది.

ఎఫ్/1.8లో ఆ దూరానికి పదును మందం 9 మి.మీ. ముక్కు పదునుగా ఉంటే చెవి లోలకు పోయింది. లోలకు పట్టుకుంటే కళ్లు పోయాయి. మనిషి ముఖానికైతే కన్ను ఒకటి దొరికితే చాలు, చూసేవాళ్లు సర్దుకుంటారు. బొమ్మకి అలా కుదరదు. పొణికి కర్ర మీద కుంచె గీతే దాని అందం, ఆ గీత ముఖమంతా కనిపించాలి. ఎఫ్/4లో మందం 2 సెం.మీ. అయింది, ముఖం, చెవులు, మెడలో హారం అన్నీ వచ్చాయి.

కానీ ఎఫ్/4కి వెళ్తే వెనక మసక తగ్గిపోదా? ఇక్కడే నాకు ఈ పని నిజంగా నచ్చింది. బొమ్మ అరకి 15 సెం.మీ. ముందుంటే, ఎఫ్/1.8లో వెనక ఒక్కో బల్బు సెన్సర్ మీద అర మి.మీ. మచ్చ అవుతుంది. బొమ్మని, దాంతోపాటు కెమెరాని, అర నుంచి మీటరు ముందుకి తెచ్చి ఎఫ్/4లో తీస్తే ఆ మచ్చ 0.7 మి.మీ. అయింది. రంధ్రం సగానికి పైగా మూసినా మసక పెరిగింది! పదును ఎంత మందంగా ఉంటుందన్నది ఒక సంగతి, వెనకది ఎంత కరుగుతుందన్నది వేరే సంగతి. ముందుదానికి అంకె, నిలబడే దూరం చూసుకోవాలి. రెండోదానికి బొమ్మ వెనక ఎంత ఖాళీ వదిలామన్నది చూసుకోవాలి. ఎఫ్/1.8 లెన్స్ కొన్నవాళ్లంతా ప్రతి ఫొటోనీ ఎఫ్/1.8లోనే తీయడం నాకు కొత్త చీర ధర చీటీ తీయకుండా కట్టుకున్నట్టే కనిపిస్తోంది.

ఫోకస్ చేసి కెమెరా తిప్పి ఫ్రేము సర్దుకునే అలవాటు ఈ దూరంలో పనికిరాదు. 60 సెం.మీ. దగ్గర 20 డిగ్రీలు తిప్పితే పదును తలం బొమ్మకి మూడున్నర సెం.మీ. వెనక్కి పోతుంది. ఫ్రేము ముందే ఖాయం చేసి, ఫోకస్ పాయింటుని ముఖం మీదికి జరపడమే దారి.

బల్బుల సంగతి. ఎఫ్/1.8లో మధ్యలో పడ్డ బల్బులు పున్నమి చంద్రుళ్లు, అంచుల్లో పడ్డవి నిమ్మకాయల్లా సాగాయి. పక్కల నుంచి చూస్తే లెన్స్ గొట్టమే రంధ్రంలో కొంత భాగాన్ని కప్పేస్తుంది, అందుకు అలా. ఎఫ్/4లో అంచులవి కూడా గుండ్రానికి దగ్గరగా వచ్చాయి కానీ జాగ్రత్తగా చూస్తే ఏడు మూలలు కనిపిస్తాయి. ఈ లెన్స్‌లో బ్లేడ్లు ఏడు. 2015లో ఇది రాకముందు కెనన్ ఏళ్ల తరబడి అమ్మిన 50 మి.మీ. రెండో మోడల్‌కి ఐదే, దానితో తీసిన ఫొటోల్లో దీపాలు పంచకోణాలుగా వస్తాయి. ఎఫ్/16లో ఫోకస్ బల్బు మీదే పెడితే ఒక్కో బల్బు పధ్నాలుగు కిరణాల నక్షత్రం అవుతుంది. బ్లేడ్లు బేసి సంఖ్యలో ఉంటే కిరణాలు రెట్టింపు వస్తాయి. కొలువుకి నక్షత్రాలు అవసరం లేదు కానీ చూడ్డానికి సరదాగా ఉంది.

తమ్ముడు వచ్చి ఫోన్‌లో పోర్ట్రెయిట్ మోడ్‌లో అదే బొమ్మని తీసి చూపించాడు. ఫోన్ కెమెరా కూడా ఎఫ్/1.8 అనే రాసుకుంటుంది, అబద్ధం కాదు. కాకపోతే లోపలి లెన్స్ అసలు ఫోకల్ లెంగ్త్ 6 మి.మీ. ప్రాంతంలో ఉంటుంది కాబట్టి రంధ్రం 3 మి.మీ. చిల్లరే. అందుకే మామూలు మోడ్‌లో అన్నీ పదునుగా వస్తాయి, పోర్ట్రెయిట్ మోడ్‌లో మసకని లెక్క కట్టి పూస్తుంది. బొమ్మ నడుం మీద పెట్టుకున్న చేతికీ ఒంటికీ మధ్య సందు ఉంది. ఆ సందులోంచి కనిపించే పుస్తకాలు మసక కాలేదు. తమ్ముడు దాన్ని ఒప్పుకోలేదు, అది వేరే విషయం.

భోగి ముందు రోజు, తెనాలి

కొలువు పెట్టడం అయింది. ఐదు మెట్లు, ఒక్కోటి 25 సెం.మీ. ఎత్తు, అంతే వెడల్పు. కింద మెట్టు మీద ఎడ్లబండి, కల్లు గీసే తాడిచెట్టు, కూరగాయల అంగడి. మధ్యలో పెళ్లి ఊరేగింపు, ఏటికొప్పాక లక్క బొమ్మలు. పైన దేవుళ్లు, కలశం. లక్క బొమ్మల మెరుపు వల్ల ఫోకస్ పట్టడం సులువు, మెరుపు చుక్క అతి చిన్నగా కనిపించిన చోటే పదును. కొండపల్లివి అంత మెరవవు, వాటికి కుంచె గీతల్నే చూసుకోవాలి.

మెట్ల లోతు ముందు నుంచి వెనక్కి మీటరు. దీనికే నేను ఎక్కువ భయపడ్డాను. కిట్ లెన్స్‌ని 24 మి.మీ. దగ్గర పెట్టి నడి మెట్టుకి రెండున్నర మీటర్ల దూరంలో నిలబడితే కొలువంతా ఫ్రేములో పట్టింది. ఎఫ్/8కి లెక్క వేస్తే పదును మీటరున్నర నుంచి ఏడు మీటర్ల దాకా. మీటరు లోతు ఎంత, ఇందులో నాలుగు కొలువులు పడతాయి!

అయితే ఆ లెక్కలన్నిటి అడుగునా ఒక ఒప్పందం ఉంది. 8 బై 10 అంగుళాల ప్రింటుని 25 సెం.మీ. దూరం నుంచి చూసినప్పుడు, 0.2 మి.మీ. మచ్చ కంటికి చుక్కగానే కనిపిస్తుందన్నది ఆ ఒప్పందం. దాన్నే సెన్సర్ సైజుకి కుదిస్తే నా కెమెరాకి సుమారు 0.019 మి.మీ. వస్తుంది. ఇంతవరకూ వేసినవన్నీ ఆ అంకెతోనే. పెద్దమ్మకి కావలసింది 20 బై 30 అంగుళాలు, పైగా కళ్లజోడు సవరించుకుని అడుగు దూరం నుంచి ఒక్కో బొమ్మనీ చూస్తుంది. అంటే ఆ అంకెని మూడో వంతు చెయ్యాలి. మళ్లీ లెక్క వేస్తే ఏడు మీటర్లు హరించుకుపోయి 2.05 నుంచి 3.20 మీటర్లు మిగిలింది. కింది మెట్టు బొమ్మలు రెండు మీటర్ల దగ్గర ఉన్నాయి, అంటే బయట. ఫోకస్‌ని నడి మెట్టు కంటే కొద్దిగా ముందుకి, 2.4 మీటర్ల దగ్గరికి తెస్తే రెండు నుంచి మూడు మీటర్లు సరిగ్గా సరిపోతాయి. ఒక్క సెంటీమీటరు అటూ ఇటూ అయినా ఎడ్లబండో కలశమో పోతుంది.

ఎఫ్/11కో ఎఫ్/16కో పోవచ్చు. కానీ పెద్ద ప్రింటులో డిఫ్రాక్షన్ మెత్తదనం కూడా పెద్దదవుతుంది. దానికంటే మంచి ఉపాయం మెట్ల వాలులోనే ఉంది.

పదునుగా ఉండేది ఒక పలక లాంటి తలం, అది సెన్సర్‌కి సమాంతరంగా ఉంటుంది. కెమెరాని అడ్డంగా, నేలకి సమంగా పెడితే ఆ తలం నిలువు గోడలా నిలబడుతుంది. కొలువు మాత్రం వెనక్కి వాలి ఉంది. అలాంటప్పుడు గోడని కూడా కొంచెం వాలిస్తే? ట్రైపాడ్‌ని నిలబడ్డ మనిషి కంటి ఎత్తుకి, 160 సెం.మీ.కి లేపి కెమెరాని 20 డిగ్రీలు కిందికి వంచాను. అప్పుడు కింది మెట్టు కొద్దిగా దూరమవుతుంది, పై మెట్టు దగ్గరవుతుంది. కెమెరా చూపు దిశలో రెండింటి మధ్య తేడా 100 సెం.మీ. నుంచి 60కి తగ్గింది. 30 డిగ్రీలు వంచితే 37కి వస్తుంది, కానీ అప్పుడు బొమ్మల ముఖాల కంటే నడినెత్తులు ఎక్కువ కనిపిస్తాయి, నిలువు గీతలు కిందికి పోయేకొద్దీ దగ్గరవుతాయి. 20 దగ్గర ఆగాను. ఆ మాత్రం ఒంపు ఎడిటింగ్‌లో సరిదిద్దుకోవచ్చు.

కెమెరాని కదపకుండా లెన్స్‌ని మాత్రమే వంచితే ఈ పని ఇంకా శుభ్రంగా అవుతుంది. ఆస్ట్రియా సైనికాధికారి థియోడర్ షైంప్‌ఫ్లూగ్ పేరుతో ఆ సూత్రం ఉంది. ఆయన పేటెంటు 1904 నాటిది, ఆకాశం నుంచి తీసిన ఫొటోల్లో వంకరలు సరిచేసే పని మీద. అలా వంచగలిగే టిల్ట్ షిఫ్ట్ లెన్సులని కెనన్ తన ఈఓఎస్ కెమెరాలకి 1991లో తెచ్చింది. వాటి ధరకి కొలువులోకి చాలా ఏళ్లకి సరిపడా బొమ్మలు వస్తాయి. లెన్స్‌ని ఊడదీసి చేత్తో వంచి పట్టుకుని తీసేవాళ్లూ ఉన్నారు. భోగి మంటల ఊళ్లో, బూడిద ఎగిరే రోజుల్లో సెన్సర్‌ని బయట పెట్టడం నాకు ఇష్టం లేదు.

చివరికి సెట్టింగులు ఇవి: 24 మి.మీ., ఎఫ్/8, ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా ఎంత సున్నితంగా ఉండాలో చెప్పే అంకె) 100, ముప్పావు సెకను, రెండు సెకన్ల టైమర్. ఫోకస్ నడి మెట్టు మీది ఊరేగింపులో ముందున్న సన్నాయి మేళం మీద. ఫ్యాను కట్టేశాను, లేకపోతే కాగితపు తోరణాలు ఊగి ఆ ముప్పావు సెకనులో మసకవుతాయి. బొమ్మలు కదలవు కాబట్టి ఎంత నెమ్మది షట్టరైనా పరవాలేదు. లైవ్ వ్యూలో పెంచి ఎడ్లబండి చక్రం ఆకులూ, కలశం మీద కొబ్బరికాయ పీచూ చూసుకున్నాను. రెండూ ఉన్నాయి.

"ఏమే, పై మెట్టు దుప్పటికి ఇస్త్రీ సరిగా లేదని కూడా కనిపిస్తోందే ఇందులో," అంది పెద్దమ్మ స్క్రీను చూసి. దుప్పటి మార్చి మళ్లీ తీశాం.

భోగి

నాట్యం బొమ్మ ఫొటో పది నిమిషాల్లో అయింది. మెట్ల మీద నుంచి దించి, మీటరు ముందు పీట మీద పెట్టి, ఎఫ్/4. ఇంట్లో చేసిన కసరత్తు అలాగే దించాను.

సాయంత్రం పిల్లలకి భోగిపళ్లు. ఇక్కడ లోతు కంటే వేగం సమస్య. రేగుపళ్లు, నాణేలు, పూలరెక్కలు నెత్తి మీంచి జారుతుంటే 1/250 సెకనైనా కావాలి. ఎఫ్/2.8, ఐఎస్ఓ 3200, రెండు మీటర్ల దూరం. పదును మందం 16 సెం.మీ. పైచిలుకు. ఇద్దరు పిల్లల్ని ఒకే పీట మీద భుజం భుజం ఆనించి కూర్చోబెడితే ఇద్దరి ముఖాలూ ఆ మందంలో పడతాయి. చిన్నవాడు ముందుకి వంగి రూపాయి బిళ్లలు ఏరుకున్నప్పుడల్లా పడవు. వాణ్ని ఆపలేం.

కనుమ తెల్లవారుజాము

రథం ముగ్గుకి కిట్ లెన్స్ 18 మి.మీ. దగ్గర. హైపర్‌ఫోకల్ దూరం అని ఒకటుంది. అక్కడ ఫోకస్ పెడితే దానిలో సగం దూరం నుంచి అనంతం దాకా చూసే కంటికి చాలినంత పదునుగా ఉంటుంది. 18 మి.మీ., ఎఫ్/8 అయితే అది 2.15 మీటర్లు, పదును 1.07 నుంచి మొదలు. ఎఫ్/11 అయితే దాదాపు 1.6 మీటర్లు, 0.78 నుంచి మొదలు.

కెమెరాని నిలువుగా, నేలకి అర మీటరు ఎత్తులో, సమంగా పెట్టాను. పగ్గం ఆ ఎత్తు నుంచే వీధిలోకి పరుగెత్తినట్టు కనిపిస్తుంది, నిలబడి తీస్తే నేల మీద గీసిన పటంలా చప్పగా ఉంటుంది. అలా పెడితే ఫ్రేములో అడుగున పడే నేల లెన్స్ నుంచి 80 సెం.మీ. దూరంలో ఉంది. ఎఫ్/8 అయితే రథం చక్రాలు మెత్తగా వస్తాయి, ఎఫ్/11 అయితే సరిపోతుంది. టేపుతో 1.6 మీటర్లు కొలిచి అక్కడ ఒక గొబ్బెమ్మని పెట్టి దాని మీద ఫోకస్ చేసి, లెన్స్‌ని మాన్యువల్‌కి మార్చి, గొబ్బెమ్మని తిరిగి దాని చోట పెట్టేశాను. పొద్దున్నే లేచి ముగ్గు వేసిన అత్తయ్య మొదట ఒప్పుకోలేదు. "ముగ్గు తొక్కావంటే చెప్తా!" అని ఒక్క హెచ్చరికతో వదిలేసింది.

మంచు విడుస్తున్న వెలుతురులో వరసగా కొన్ని తీశాను. హైపర్‌ఫోకల్ మీద నా అభిప్రాయం మాత్రం కొంచెం మారింది. 'అనంతం దాకా' అన్న మాటలో చివర ఉన్నది అంచు మీద వేలాడుతూ పాసైన పదును మాత్రమే. వీధి చివర వేపచెట్టు ఆకులు తెర మీద బానే ఉన్నాయి, పెంచితే మెత్తన. ఫోకస్‌ని 2 మీటర్లకి నెట్టి ఇంకొకటి తీస్తే వేపచెట్టు బాగుపడింది, రథం చక్రం అంచు ఒకటి కొంచెం తగ్గింది. ఈ ఫొటోలో చూపు మొదట పడేది చక్రం మీద. అందుకే మొదటిదే ఉంచాను. కొండలో, గుడి గోపురమో ఉన్న దృశ్యమైతే రెండోదే ఎంచుకునేదాన్ని.

పండగ తర్వాత

ప్రింటు వచ్చింది. పెద్దమ్మ అనుకున్నట్టే అడుగు దూరంలో నిలబడి కింది మెట్టు నుంచి పైకి ఒక్కొక్కటీ చూసింది. అంగడిలో వంకాయలు లెక్కపెట్టింది. తర్వాత, "అన్నీ ఉన్నాయి సరే, కొలువు పెట్టిన మనిషి ఏదే?" అంది.

కాబట్టి దసరా కొలువుకి ఇంకో పని. ఆవిడని కొలువు ముందు కూర్చోబెడితే లెన్స్‌కి మీటరున్నర దూరంలో ఉంటుంది, పెద్ద ప్రింటు లెక్కలో అది పదునుకి బాగా బయట. పక్కన, రెండో మెట్టుకి వరసగా కుర్చీ వేస్తే 2.25 మీటర్లు, లోపలే. కానీ కెమెరా కిందికి వంగి ఉంటే ఆ తలం కూడా వాలుతుంది, కాబట్టి ముఖం ఎత్తు బట్టి కుర్చీ ముందుకో వెనక్కో జరగాలి. మనిషి కాబట్టి ముప్పావు సెకను కుదరదు, కనీసం 1/60 కావాలి. ఎఫ్/8 దగ్గరే ఉంటే ఐఎస్ఓ 100 నుంచి దాదాపు 4500కి పోతుంది. బదులు కిటికీ వెలుతురులో పగటిపూట తీయొచ్చు, లేదా గోడకి కొట్టించి ఒక ఫ్లాష్ వాడొచ్చు. తెల్ల సున్నం గోడ ఉంది కాబట్టి ముందు ఫ్లాష్ ప్రయత్నిస్తాను. తమ్ముడిని ఆ కుర్చీలో కూర్చోబెట్టి.